ఆకుపచ్చ మూత సీసా

అర్దియా,
20 జులై 1990

అక్క మద్దమ్మకు,

నీ నోటికి అందనంత దూరంలో ఉన్న ధైర్యంతో తమ్ముడు గంగులయ్య దణ్ణం పెట్టి రాస్తున్నాడు. ఈ జాబు అబ్దుల్ ఖుద్దూస్ రొట్టెల వ్యానులో వస్తుంది. పిండి అంటుకొని ఉంటే దులిపి చదువు. మీ ఇంటి యజమానురాలు మామా నిన్ను శుక్రవారమైనా గడప దాటనివ్వదు, నాకు వీసా ఇచ్చిన కఫీల్ నన్ను మీ సబా అల్ సలేం దాకా రానివ్వడు. ఒకే ఊళ్లో ఉండి జాబులు రాసుకునే అక్కాతమ్ముళ్లు కువైట్ మొత్తంలో మనమే.

పోయినసారి నువ్వు అడిగావు, ఆ ల్యాబులో నేల తుడవడం తప్ప నువ్వు చేసేదేందని. డాక్టర్ సుఆద్ లండన్‌లో పెద్ద సభ ఉందని వెళ్తూ ఫ్రిజ్ తాళం ఎవరి చేతిలో పెట్టిందో తెలుసా? నీ తమ్ముడి చేతిలో. చెబుతాను విను. బ్లడ్ గ్రూపు అంటే నెత్తురులో ఉండేదని కదా మనం అనుకునేది. అదొక రకం చక్కెరంట. టీలో వేసుకునేది కాదు, ఒంట్లోని కణాల మీద చెట్టుకు రెమ్మల్లా మొలిచి ఉండే చక్కెర. ఏ గ్రూపు వాళ్లకు ఒక రెమ్మ, బీ గ్రూపు వాళ్లకు ఇంకో రెమ్మ. అది నెత్తురులోనే కాదు, కడుపు లోపలి పొర మీదా, పేగుల మీదా కూడా ఉంటుంది. కడుపులో పుట్టిన గడ్డ చెడ్డదైతే ఆ రెమ్మలు రాలిపోతాయి, లేదా ఉండకూడని రెమ్మ మొలుస్తుంది. డాక్టరమ్మ వెతికేది దాన్ని.

కంటికి కనబడని రెమ్మను ఎట్లా వెతకాలి? లంకలో సీతమ్మను హనుమంతుడు వెతికినట్లే. అంతఃపురంలో ఎంతమంది ఆడవాళ్లు పడుకొని ఉన్నా ఆయన ఒక్కరి దగ్గరా ఆగలేదు. సీతమ్మ తల్లిని చూసిన చోటే ఆగాడు. అట్లాంటి హనుమంతుడికి ఇక్కడ యాంటీబాడీ అని పేరు. నేను ఈ మాట చెబితే డాక్టరమ్మ నవ్వి, గంగు, నువ్వు నాకంటే బాగా పాఠం చెబుతావు అంది.

(వెనక పేజీ తిప్పు.)

కడుపు ముక్కను ఉల్లిపొర కంటే పల్చగా కోసి, గాజుపలక మీద అంటించి, ఆ యాంటీబాడీ చుక్క ఒకటి వేస్తారు. పైన ఇంకో మందు వేస్తే అది ఆగిన చోట గోధుమరంగు వస్తుంది. రంగు వస్తే చక్కెర ఉన్నట్టు. నా ఫ్రిజ్‌లో మూడు సీసాలు ఉన్నాయి. ఎర్రమూతది ఏ గ్రూపుకు, నీలంమూతది బీ గ్రూపుకు. ఆకుపచ్చ మూతది మాత్రం చెడ్డ గడ్డలో మొలిచే రెమ్మను పట్టేది. డాక్టరమ్మ ఒక మేకను ఏళ్ల తరబడి సాకి, సూదులు వేసి, దాని నెత్తురులోంచి తీసింది. ఆ మేక చచ్చిపోయింది. ఆ సీసా లోకంలో ఇంకెక్కడా లేదు.

వచ్చే శుక్రవారం మా గదిలో మనవాళ్లకు నేను చెప్పే పురాణ ఉపన్యాసం దీని మీదే.

తమ్ముడు,
గంగులయ్య

*

సబా అల్ సలేం,
27 జులై 1990

తమ్ముడు గంగులయ్యకు అక్క ఆశీర్వదించి రాసేది.

నీ జాబు నేను అన్నం ముందర పెట్టుకొని తెరిచినాను, అది నా తప్పు. హనుమంతుడి దాకా చదివి చెంపలు వేసుకున్నాను. కాగితం తిప్పితే మొదటి మాటే కడుపు కోసే మాట. అక్కడితో మడిచి, మామా వాళ్లు తినే మాంసం అన్నం, ఆ మచ్‌బూస్ గిన్నె కింద పెట్టినాను. గిన్నె వేడికి కాగితం నల్లగా అయింది. మిగతాది నువ్వే ఎప్పుడైనా నోటితో చెప్పు, నేను తిననప్పుడు.

పక్కింట్లో పనిచేసే వెంకటేశ్వరికి కడుపునొప్పి తగ్గలేదు. శుక్రవారం ఒక్కపొద్దులు మానమంటే వినదు. నీ ఉపన్యాసాల క్యాసెట్టు వింటూ ఏడుస్తుంది. నొప్పికా, నీ గొంతుకా అని అడిగితే చెప్పదు.

ఇట్లు,
మద్దమ్మ

*

అర్దియా,
11 ఆగస్టు 1990

పూజ్యురాలైన అక్కకు,

ఇరాక్ సైన్యం వచ్చినప్పటి నుంచి నువ్వు ఎట్లా ఉన్నావో అని తల్లడిల్లుతున్నాను. మీ మామా వాళ్లు కారులో ఎడారి దాటి సౌదీకి పోయారనీ, ఇల్లూ తాళాలూ నీ మీద వదిలారనీ ఖుద్దూస్ చెప్పాడు. వాడి రొట్టెల వ్యానును సిపాయిలు కూడా ఆపరు, వాళ్లకూ రొట్టె కావాలి కాబట్టి.

ఇప్పుడు నేను రాసేది శ్రద్ధగా చదువు. ఖుద్దూస్ నీకొక టిఫిన్ క్యారియర్ ఇస్తాడు. అందులో మంచుముక్కల మధ్య మూడు సీసాల తీర్థం ఉంది. మహా పవిత్రమైనది. అమృతభాండం కోసం దేవతలూ రాక్షసులూ కొట్టుకున్నట్టు దీనికోసం ఇక్కడ కొట్టుకునేవాళ్లు ఉన్నారు. మా గదిలో ఫ్రిజ్ పేరుకే ఫ్రిజ్. మీ మామా ఇంట్లో పెద్ద ఫ్రిజ్ ఉంది కదా, దాని తలుపు అరలో పెట్టు. గడ్డకట్టే పైఅరలో పెట్టొద్దు. భక్తితో చూసుకో. నా పోయిన జాబు గుర్తు చేసుకుంటే నీకే అర్థమవుతుంది. ఇంతకంటే విప్పి రాయలేను, దారిలో ఎవరు చదువుతారో.

ప్రహ్లాదుణ్ణి కాచిన స్వామి మనల్నీ కాచును గాక.

గంగులయ్య

*

సబా అల్ సలేం,
18 ఆగస్టు 1990

తమ్ముడు గంగులయ్యకు,

నువ్వు నిజంగా మహానుభావుడివిరా. ఊరంతా ట్యాంకులు తిరుగుతుంటే తీర్థం సంపాదించి పంపినావు. ఏ కొండ నుంచి వచ్చిందో రాయలేదు. తిరుమలదని నేనంటే, ఒంటిమిట్టదని వెంకటేశ్వరి అంటుంది.

నిన్న శుక్రవారం. యజమానులు లేని ఇళ్లలో మిగిలిన మనవాళ్లందరినీ మామా వంటగదిలోకి పిలిచినాను. వాళ్ల ఇంట్లో మనం దీపం పెట్టడం ఇదే మొదలు. స్టీలు బేసిన్ నిండా నీళ్లు పోసి, కర్పూరం ముక్క వేసి, ఎర్రమూత సీసా, నీలంమూత సీసా రెండూ ఒంపేసినాను. తీర్థం దాచుకున్నవాడు దేవుణ్ణి దాచుకున్న దొంగ అని నువ్వే కదా క్యాసెట్టులో అరిచి అరిచి చెప్పినావు. నీ మాట మీదే చేసినాను. అందరం మూడు మూడు గుక్కలు తీసుకొని తలకు రాసుకున్నాం. పక్క వీధి బషీరా బీ కూడా వచ్చింది. "నీళ్లకు మతమేందక్కా, నాకూ పొయ్యి" అని చెయ్యి పట్టింది.

అంతలో వెనక తలుపు దగ్గర ఒక సిపాయి. మాకు ప్రాణాలు పోయినాయి. లేతగడ్డం, బస్రా వాడంట, నిద్రలేక కళ్లు ఉబ్బి ఉన్నాయి. "షినూ హాదా" అన్నాడు, ఇదేమని. నాకు వచ్చిన అరబ్బీ అంతా వంటగదిదే. "దేవుని నీళ్లప్పా, తాగు" అని తెలుగులోనే చెప్పి అరచేతిలో పోసినాను. బిస్మిల్లా అని తాగి, తల మీద కూడా రాసుకొని, మా అందరికీ సలాం చెప్పి పోయినాడు.

కొంచెం ఉప్పగా ఉంది తమ్ముడూ. సముద్రతీర్థమా? వెంకటేశ్వరికి పొద్దుటికి నొప్పి లేదు. ఆకుపచ్చ మూతది వచ్చే శుక్రవారానికి ఉంచినాను. ఇంకా ఉంటే పంపు.

అక్క

*

అర్దియా,
20 ఆగస్టు 1990

అక్కా,

ఆకుపచ్చ మూత సీసా ముట్టుకోవద్దు. మొదట ఆ పని చేసి, తర్వాత ఈ జాబు చదువు.

అది తీర్థం కాదు. అది మా ల్యాబులోని మందు. సిపాయిలు మైక్రోస్కోపులు లారీకి ఎక్కిస్తుంటే, మధ్యాహ్నం వాళ్లు అన్నానికి కూర్చున్నప్పుడు, నా టిఫిన్ క్యారియర్‌లోకి మార్చి బయటికి తెచ్చాను. పట్టుబడితే గోడకు నిలబెట్టి కాల్చేవాళ్లు. జాబు ఎవరైనా చదువుతారని తీర్థం అని రాశాను. నేను జులైలో రాసిన రెండో పేజీ నువ్వు చదివి ఉంటే మూతల రంగు చూడగానే తెలిసేది. నువ్వు దాని మీద మచ్‌బూస్ పెట్టావు.

నువ్వు పంచిపెట్టింది మేక నెత్తురులోంచి తీసిన నీళ్లు. ఇల్వలుడు తన తమ్ముడు వాతాపిని మేకగా మార్చి, వండి, వచ్చిన అతిథులకు పెట్టాడు. ఇప్పుడు నువ్వు ఇల్వలుడివి. మీ అందరి కడుపులోనూ వాతాపి ఉన్నాడు. అగస్త్యుడు పొట్ట నిమురుకొని జీర్ణం జీర్ణం అన్నట్టు ఒక్కొక్కరి చేతా అనిపించు. వెంకటేశ్వరికి మాత్రం మేక సంగతి చెప్పొద్దు, ఒక్కపొద్దు చెడిందని బావిలో దూకుతుంది.

ఇంకో సంగతి. చెడిపోకుండా ఆ సీసాల్లో ఒక మందు కలుపుతారు. అది కొంచెం విషం. బేసిన్ నీళ్లలో రెండు సీసాలంటే ఏమీ కాదనే అనుకుంటున్నాను, కానీ నేను చదివింది పురాణాలే గానీ డాక్టరీ కాదు. ఎవరికైనా కళ్లు తిరిగాయా? వాంతులా? సిపాయి ఎట్లా ఉన్నాడు? వాడికేమైనా అయితే వాళ్ల దళం మొత్తం మీ వంటగదిలో ఉంటుంది.

ఎర్రదీ నీలందీ పోతే పోనీ. ఆకుపచ్చది డాక్టరమ్మ ప్రాణం. అది పోతే ఆమె ఇన్నేళ్ల పనికి దిక్కు లేదు. ఏ గడ్డ చెడ్డదో ముందే చెప్పే దారి మళ్లీ మూసుకుపోతుంది. నన్ను నమ్మి అప్పగించింది. వెంటనే రాయి.

గంగులయ్య

*

సబా అల్ సలేం,
26 ఆగస్టు 1990

రేయ్ గంగులూ,

ఎవరికీ ఏమీ కాలేదు. నాకు మాత్రం నీ జాబు చదివినాక కళ్లు తిరిగినాయి.

ఎవరో చదువుతారని రాసినావా? బస్రా నుంచి వచ్చిన సిపాయికి తెలుగు చదవడం వస్తుందా? మన మండలంలోనే సగం మందికి రాదు. ఖుద్దూస్‌కు భయపడినావా? వాడు వేలిముద్ర వేసే మనిషి. నీకు మాటలు ఎక్కువై అమృతభాండమని రాస్తే, నేను ఆడదాన్ని, దేవుడంటే భయమున్నదాన్ని, ఏం చేస్తాను? సీసాలో మేక ఉండాదని ఒక్క ముక్క రాయకూడదా?

వెంకటేశ్వరికి చెప్పలేదు. జీర్ణం జీర్ణం అని ఎందుకు పొట్ట నిమరమంటున్నావని అడిగితే, మా తమ్ముడు కొత్త మంత్రం పంపినాడని చెప్పినాను. ఇప్పుడు వీధిలో మనవాళ్లందరూ అన్నం తిన్నాక అంటున్నారు. బషీరా బీ కూడా.

ఇప్పుడు అసలు సంగతి, నిదానంగా చదువు. నిన్న లారీ వచ్చింది. టీవీ పోయింది, సోఫాలు పోయినాయి, మామా పెళ్లినాటి అద్దాల బీరువా పోయింది. నేను ఒక మూలన నిలబడి చూసినాను. తర్వాత ఫ్రిజ్ మీద చెయ్యి వేసినారు. నాకు ఏం పూనిందో తెలీదు, ఫ్రిజ్‌కు ఆనుకొని రెండు చేతులూ చాపి నిలబడినాను. ఆఫీసరు తుపాకీ గొట్టంతో పక్కకు జరగమన్నాడు. నేను జరగలేదు. వాడు నన్ను కాల్చాలో నవ్వాలో తెలియక చూస్తున్నాడు. అప్పుడు వెనక నుంచి మన బస్రా సిపాయి వచ్చినాడు. ఆఫీసరు చెవిలో ఏదో చెప్పి, ఫ్రిజ్ తెరిచి, తలుపు అరలోంచి ఆకుపచ్చ మూత సీసా తీసి రెండు చేతులతో నాకు ఇచ్చినాడు. ఫ్రిజ్ మాత్రం లారీ ఎక్కింది.

అంతటితో అయిపోలేదు. అందరూ బయటికి పోయినాక వాడు నిలబడి అరచెయ్యి చాపినాడు, తీర్థం పొయ్యమని. ఆ సీసా ముట్టుకోవద్దని నువ్వు రాసినావు. ప్రాణం కాపాడినవాడు చెయ్యి చాపినాడు. సీసా కొంగులో దాచుకొని, కుళాయి తిప్పి, నా అరచేతి మీదుగా వాడి అరచేతిలోకి నీళ్లు పోసినాను. కళ్లు మూసుకొని తాగినాడు. అది పాపమో పుణ్యమో నీ పురాణం చూసి చెప్పు.

సీసా ఇప్పుడు తడిగుడ్డ చుట్టి పెరుగుగిన్నెలో ఉంది. ఈ ఎండకు ఎన్నాళ్లు ఉంటుందో నాకు తెలియదు.

మద్దమ్మ

*

అర్దియా,
4 సెప్టెంబరు 1990

అమ్మలాంటి అక్కకు,

నువ్వు పోసిన కుళాయి నీళ్ల గురించి పుస్తకమంతా తిరగేశాను. శబరి ఎంగిలి పండు రాముడు తిన్నాడని ఉంది. కుచేలుడి అటుకులు కృష్ణుడు తిన్నాడని ఉంది. పెట్టినవాళ్ల చెయ్యే లెక్క గానీ పెట్టినది కాదు. పుణ్యమే. నువ్వు ఇల్వలుడివని రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను, కొంతవరకు.

ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. ఫ్రిజ్ లేని చోట ఆ సీసా ఉండకూడదు. మనవాళ్లను బస్సుల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా అమ్మాన్‌కు పంపుతున్నారు, అక్కడి నుంచి మన విమానాలు. ఖుద్దూస్ రొట్టెలు మానేసి ఇప్పుడు ఆ బస్సే తోలుతున్నాడు. నువ్వు ఎక్కు. సీసా తీసుకొనిపో. డాక్టరమ్మ లండన్ ఫోన్ నంబరు ఈ కాగితం వెనక ఉంది. ఈసారి కాగితం తిప్పు.

నన్ను రమ్మనొద్దు. సీసా ఎండకు చచ్చిపోయి ఉంటే ఇంక డాక్టరమ్మకు మిగిలేది, ఇంతవరకు రంగు వేసిన పాత గాజుపలకలే. అవి ల్యాబు వెనకగదిలో ఇనుప బీరువాలో ఉన్నాయి. పనికిరాని గాజు అనుకొని సిపాయిలు వదిలేశారు. నేను రోజూ పోయి బీరువా ముందు చీపురు పట్టుకొని నిలబడుతున్నాను. సీసా బతికి ఉంటే అవి పోయినా ఫరవాలేదు, మళ్లీ మొదలుపెట్టవచ్చు. కాబట్టి ఆకుపచ్చ సీసా చుక్కకు రంగు వచ్చిందని వినేదాకా నేను ఇక్కడి నుంచి కదలను. ఇది నా మాట. లక్ష్మణుడు గీసినది ఒక్క గీతే, దాన్ని దాటినందుకు ఏం జరిగిందో నీకు తెలుసు.

గంగులయ్య

*

అమ్మాన్,
17 సెప్టెంబరు 1990

తమ్ముడు గంగులయ్యకు అక్క మద్దమ్మ రాసేది.

రంగు వచ్చింది. నీ అలవాటు నాకు తెలుసు, మొదటి పేజీలోనే రాస్తున్నాను. రంగు వచ్చింది. బయలుదేరు.

ఇంక మిగతాది. దారి పొడుగునా పెరుగుగిన్నె నా ఒళ్లోనే ఉంది. తాగే నీళ్లలో సగం గుడ్డ తడపడానికే పోసినాను. పక్క సీటు ఆయన, గోదావరి జిల్లా మనిషి, "ఏవండీ, దాహమేస్తోందండీ, ఆ పెరుగు మీద పోసే నీళ్లు కొంచెం మా గొంతులో పొయ్యండీ" అని సణిగినాడు. ఇది పెరుగు కాదు, మా తమ్ముడి మొండితనం, తడి ఆరితే పగులుతుంది అని చెప్పినాను. ఆ తర్వాత ఆయనే తన సీసాలోంచి పోయడం మొదలుపెట్టినాడు. సరిహద్దులో తనిఖీ చేసేవాడు గిన్నె తెరవమన్నాడు. ఏడు ఊళ్ల వేడికి పులిసిన పెరుగు వాసన మొహానికి కొట్టి మూత వాడే వేసినాడు.

అమ్మాన్ నుంచి ఫోన్ చేసినాను. నేను గంగు అక్కను, నీ సీసా నా దగ్గర ఉంది అన్నాను. అవతల గురగురమని చప్పుడు. లైను పోయిందనుకొని హలో హలో అని అరిచినాను. ఏడుస్తా ఉండాది పాపం. రెండో రోజు పొద్దునకు విమానం ఎక్కి వచ్చేసింది. ఇక్కడి ఆస్పత్రిలో ఆమెకు తెలిసిన డాక్టరు ఉన్నాడు. లండన్ సభకు తీసుకుపోయిన, ఇంకా రంగు వేయని గాజుపలకలు కొన్ని ఆమె సంచిలోనే ఉన్నాయి.

నాకు విమానం సీటు వచ్చింది. రంగు చూడనిదే పోనన్నాను. క్యూలో నా వెనక ఉన్నవాళ్లు పిచ్చిదన్నారు. ఆస్పత్రి వరండాలో కూర్చున్నాను. డాక్టరమ్మ లోపలికి పోయి చాలాసేపు రాలేదు. నేను హనుమంతుణ్ణి తలుచుకున్నాను, నాయనా, ఇంత ఎండలో వచ్చినావు, దారి మరిచిపోలేదు కదా అని. తర్వాత తలుపు తెరిచి, నా చెయ్యి పట్టుకొని లాక్కుపోయి ఆ మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది.

తమ్ముడూ, మనిషి కడుపు లోపల అట్లా ఉంటుందని నాకు తెలియదు. ముగ్గు వేసినట్టు ఉంది. గుండ్రాలు, గుండ్రాల్లో గుండ్రాలు. అక్కడక్కడా బెల్లం పాకం చుక్కలు పడినట్టు గోధుమరంగు. అదేనా అన్నాను. అదే అంది. ఇద్దరం కావలించుకొని ఎగిరినాం. ఆ డాక్టరు మమ్మల్ని బయటికి పొమ్మన్నాడు.

మిగతా రెండు సీసాలు ఎక్కడ అని అడిగింది. అబద్ధం చెప్పలేదు. నాకు తెలిసిన అరబ్బీలో, చేతులతో, బేసిన్, కర్పూరం, సిపాయి, అన్నీ చెప్పినాను. ఆమె నవ్వి నవ్వి నేల మీద కూర్చుండిపోయింది. ఆ రెండూ అంగట్లో దొరుకుతాయంట. బేసిన్ నీళ్లలో ఆ విషం ఒక లెక్క కాదంట. వెంకటేశ్వరి నొప్పి ఎందుకు తగ్గిందో మాత్రం ఆమెకూ తెలియదంట, ఇంటికి పోయి చూపించుకోమని చెప్పమంది.

బీరువా సంగతి చెప్పినాను. నవ్వు ఆగిపోయింది. ఆమె అన్నది అన్నట్టు రాస్తున్నాను. "గాజుకు గాజు దొరుకుతుంది. గంగు దొరకడు. యల్లా, రమ్మను." నీ గీత ఖలాస్. దాటు. ఖుద్దూస్ రేపు ఖాళీ బస్సుతో వెనక్కి వస్తున్నాడు, ఈ జాబు నీకు ఇచ్చి నిన్ను ఎక్కించుకొని రమ్మని చెప్పినాను. ఎక్కకపోతే చేతులూ కాళ్లూ కట్టి తెమ్మన్నాను. కొన్నాళ్లలో విమానాలు ఆపేస్తారంట. నాకు మళ్లీ సీటు ఇచ్చినారు, నేను రేపు ఇంటికి పోతున్నాను.

మద్దమ్మ

*

అమ్మాన్,
2 అక్టోబరు 1990

అక్కకు,

కదిలాను.

ఖుద్దూస్ నీ జాబు ఇచ్చినప్పుడు నేను బీరువా ముందే ఉన్నాను. చదివి చీపురు కింద పెట్టాను. తర్వాత అలవాటు కొద్దీ మళ్లీ తీసుకొని గది ఒకసారి ఊడ్చి, తలుపు దగ్గరికి వేసి వచ్చాను. గాజుపలకలు అక్కడే ఉన్నాయి. ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకోవచ్చు.

దారిలో చెప్పడానికి ఉపన్యాసం ఒకటి తయారు చేసుకున్నాను, సముద్రం దాటి తిరిగి వచ్చిన హనుమంతుడి మీద. బస్సు ఎక్కాక నిలబడి గొంతు సవరించుకున్నాను. ఖుద్దూస్ అద్దంలోంచి చూసి, "స్వామీ, నువ్వు కూర్చుంటే మేమందరం బతికినంత పుణ్యం" అన్నాడు. బస్సంతా నవ్వింది. కూర్చున్నాను. బస్రా దాటాక నాకే నవ్వొచ్చింది. ఆగలేదు. బాగ్దాద్ దాకా నవ్వుతూనే ఉన్నాను. పక్కనాయన నాకు జ్వరమేమో అని నుదురు ముట్టి చూశాడు.

సరిహద్దులో ఆఫీసరు ఇన్నాళ్లు ఎందుకు ఉండిపోయావని అడిగాడు. ఒక మేక నెత్తురు నీళ్లు ఒకరి కడుపులోని చక్కెరను పడతాయో లేదో తెలుసుకోవడానికి అని నిజమే చెప్పాను. వాడు నన్ను పైనుంచి కిందికి చూసి, ఇంకో మాట అడగకుండా ముద్ర కొట్టాడు.

డాక్టరమ్మ ఇక్కడే ఉంది. ఆ సీసాతో లండన్ పోతుందంట. నన్ను చూసి సలాం కూడా చెప్పలేదు. నేరుగా తీసుకుపోయి ఆ మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. నువ్వు చెప్పిన ముగ్గు చూశాను. ఇన్నేళ్లూ ఆ గది తుడిచాను గానీ అందులోకి ఎవరూ నన్ను చూడమనలేదు, నేనూ అడగలేదు. చూసి ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను. నా జన్మలో నేను మాట్లాడకుండా ఉన్నది అప్పుడే అని ఆమె ఇప్పటికీ అందరికీ చెబుతోంది.

రేపు రాత్రికి విమానం అంటున్నారు. బొంబాయి నుంచి రైలు, రైలు దిగి బస్సు. ఇంటికి రాగానే ముందు నీ కాళ్లకు దణ్ణం పెడతాను. ఆ తర్వాత ఆ ఎర్రమూత, నీలంమూత సీసాల గురించి నీతో పోట్లాడతాను. గొంతు సిద్ధం చేసుకో.

నీ తమ్ముడు,
గంగులయ్య